కుటుంబ దీపము: తాటిమొద్దు అని వ్రాయమన్నారు



ఈ నెల ఈ శీర్షికలో పిల్లల చదువులను గురించి వ్రాయాలనుకున్నాను. కాని మొన్నటి కూడికలో ఒక సహోదరుడు నన్ను ప్రక్కకు పిలిచి, "మాస్టారూ, మావాడి కారు పోయిన వారం ఒక బడిపిల్లకు తగిలింది. పెద్ద దెబ్బేం కాదు. కారుకు మాత్రం బాగానే ఖర్చయ్యేట్టుంది. ఇన్సూరెన్సు వాళ్లకు ఏమని చెప్పమంటారు?" అని అడిగారు. జరిగింది చెప్పండి అనడం సులువే. కాని ఆ సులువైన మాట నిరుడు నా నోటికి రాలేదు. అందుకని ముందు నా సంగతి వ్రాస్తాను.

నిరుడు ఊడ్పుల రోజుల్లో గుడివాడ నుండి అవనిగడ్డ ప్రాంతంలో ఒక పెండ్లికి బయలుదేరాము. బండి నేనే నడుపుతున్నాను. ప్రక్క సీటులో నా భార్య, వెనుక మా అమ్మాయి, మా వియ్యపురాలు, పెండ్లికి పట్టుకెళ్లే సామాను. ఆరేండ్ల మనుమరాలు రెండు సీట్ల మధ్య నిలబడి సండే స్కూలు పాటలు పాడుతోంది. పామర్రు, కూచిపూడి దాటి, చల్లపల్లి కూడా దాటాము. ఒక పల్లె దగ్గర కుడిప్రక్క కాలువ, ఎడమప్రక్క ఇండ్లు. నేను నలభై దాటి వెళ్లడం లేదు. అయితే వెనుకనుంచి మా అమ్మాయి ఏదో అడిగితే జవాబు చెప్పడానికి తల కొంచెము త్రిప్పాను. ఇంటి సందులోనుంచి ఒక పిల్లవాడు సైకిలు మీద రోడ్డెక్కాడు.

బ్రేకు వేశాను. తగలనే తగిలింది. ఎడమ మూల బంపరు పగిలింది, హెడ్‌లైటు పోయింది, ప్రక్క రేకు సొట్టపడింది. సైకిలు ముందు చక్రం వంకరపోయింది. పిల్లవాడు గడ్డిలో పడి, లేచి కూర్చుని, ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకుని చూస్తున్నాడు. ఏడవలేదు. ఐదో తరగతి చదువుతున్నాడట. మా మనుమరాలి పెదవి ముందు సీటుకు కొట్టుకుని చిట్లింది.

మన ప్రాంతపు రోడ్లు చాలా వరకు కాలువ గట్లే. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయ్యాక దివిసీమకు, బందరుకు, గుడివాడకు నీళ్లు తెచ్చిన కాలువల గట్ల మీద మన పెద్దలు నడిచారు, ఎడ్లబండ్లు తోలారు. తరువాత ఆ గట్ల మీదనే తారు పడింది. కార్ల కోసం పుట్టిన దారులు కావు. ఒక ప్రక్క నీళ్లు, ఒక ప్రక్క గుమ్మాలు. గుమ్మం దిగితే రోడ్డే. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో, క్రొత్త ఇల్లు కట్టుకున్నవాడు పైకప్పుకు పిట్టగోడ కట్టాలనీ, ఎవరైనా అక్కడనుండి పడితే ఆ రక్తాపరాధము ఆ ఇంటిమీదికి వస్తుందనీ ఉంది. మన గట్లకు పిట్టగోడలు లేవు. బండి నడిపేవాని జాగ్రత్తే పిట్టగోడ అనుకోవాలి. ఆ రోజు నా జాగ్రత్త వెనుక సీటువైపు తిరిగి ఉంది.

క్షణంలో ముప్పై మంది చేరారు. నేను దిగి మొదట ఏం చూశానో దాచకుండా చెబుతాను. బంపరు చూశాను. ఒక్క చూపే. ఆ తరువాతే పిల్లవానివైపు నడిచాను. అది ఎవరూ గమనించలేదనే అనుకుంటాను, నేను మాత్రం మరచిపోలేదు.

పిల్లవాని తల్లి పొలంనుంచి బురద కాళ్లతోనే పరుగెత్తుకుని వచ్చింది. ఊరి పెద్దమనిషి ఒకాయన, "ఏమ్మా, ప్రాణం మీదికి రాలేదు గదా, ఐదు వేలు ఇప్పించి పంపిద్దాం, పెద్దాయన పెండ్లికి పోతున్నాడు" అన్నాడు. ఆమె డబ్బు సంగతి పట్టించుకోలేదు. "అయ్యా, మావాడి చెయ్యి ఒకసారి చూపించండి, అంతే" అన్నది. నా భార్య అప్పటికే పిల్లవాణ్ణి కారులో కూర్చోబెట్టింది. సామాను దింపి, మా అమ్మాయిని, వియ్యపురాలిని ఆటోలో పంపించి, తల్లినీ బిడ్డనూ అవనిగడ్డ ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళ్లాము. మనుమరాలు దిగనంటే మాతోనే ఉంచుకున్నాము. ఎక్స్‌రేలో మణికట్టు దగ్గర ఎముక చిట్లినట్టు కనిపించింది. కట్టు వేశారు.

తెలియని కుటుంబాల కోసం ఇక్కడ కొన్ని మాటలు చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టము 134వ సెక్షను బండి నడిపినవాని మీద మూడు బాధ్యతలు పెట్టింది. గాయపడినవారికి వైద్యము అందేట్టు చూడాలి. పోలీసులకు తెలియజేయాలి, అక్కడ పోలీసులు లేకపోతే వీలైనంత త్వరగా, ఎట్లయినా ఇరవై నాలుగు గంటలలోపు దగ్గరి స్టేషనులో చెప్పాలి. మూడవది చాలామందికి తెలియదు. ఇన్సూరెన్సు కంపెనీకి వ్రాతపూర్వకముగా తెలియజేయాలి. పాలసీ నంబరు, జరిగిన తేదీ, సమయము, స్థలము, గాయపడినవారి వివరాలు, నడిపినవారి పేరు, లైసెన్సు వివరాలు అందులో ఉండాలి. జనం మీదపడి కొడతారన్న నిజమైన భయముంటే అక్కడ నిలబడి తీరాలని చట్టము పట్టుబట్టదు. తిన్నగా స్టేషనుకు వెళ్లవచ్చు. అంతేగాని ఇంటికి వెళ్లి తలుపు వేసుకోవడం కాదు.

ఆసుపత్రివారు "ముందు పోలీసు కాగితం తెండి" అని వైద్యము ఆపకూడదు. ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు ఆసుపత్రి అయినా ప్రాణం కాపాడే చికిత్స ముందు చేయవలసిందేనని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. 2025 మే నుండి రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు లక్షా యాభై వేల రూపాయల నగదు రహిత చికిత్స పథకమును కేంద్ర ప్రభుత్వము అమలులోకి తెచ్చింది. పోలీసులకు తెలియజేయడం దీనికి కూడా అవసరము. చిన్న దెబ్బే గదా అని కాగితం పెట్టకుండా వదిలేస్తే ఆ తరువాత నష్టపోయేది ఆ పిల్లవాడే.

ఆసుపత్రివారు ప్రమాద కేసుగా నమోదు చేసుకున్నారు. నేను స్టేషనుకు వెళ్లి జరిగింది చెప్పాను. పిల్లవాని తండ్రి చేపల చెరువుల దగ్గర కాపలా పని చేస్తాడు. అతను కూడా వచ్చి, "పెద్దాయన మంచోడేనండి, మావాడిదే తప్పు, కేసొద్దండి" అన్నాడు. ఎముకకు దెబ్బ తగిలింది కనుక కేసు కట్టక తప్పదన్నారు. స్టేషను బెయిలు కాగితం మీద సంతకం పెట్టాను. ముప్పై ఏండ్లు పిల్లలకు పాఠాలు చెప్పి, చర్చి కమిటీలో కూర్చున్న మనిషికి ఆ సంతకం ఎంత బరువుగా ఉంటుందో ఊహించండి. పెండ్లి భోజనాలు అయిపోయాక చేరాము. ఎవరితోనూ చెప్పవద్దని ఇంటివాళ్లను హెచ్చరించాను. అంటే అప్పటికే నాలో దాచిపెట్టే మనిషి బయలుదేరాడన్న మాట.

అసలు శోధన మరునాడు ఫోనులో వచ్చింది. నాకు పాలసీ కట్టించిన ఏజెంటు మంచివాడే, మా కుటుంబానికి చాలాకాలంగా తెలిసినవాడే. "మాస్టారూ, క్లెయిము ఫారములో పిల్లవాడి మాట ఎత్తకండి. ఎత్తితే ఎఫ్‌ఐఆర్ కాపీ అంటారు, విచారణ అంటారు, నెలలు పడుతుంది. గట్టు మీద తాటిమొద్దుకు తగిలిందని వ్రాయండి. సర్వేయరు వచ్చి బంపరు చూసి వెళ్లిపోతాడు. అందరూ వ్రాసేది అదే" అన్నాడు.

నేను సరే అన్నాను. మరొకరి సంగతి అయితే ఇక్కడ రెండు వాక్యాలు పట్టుకుని గట్టిగా ప్రసంగించేవాణ్ణి. నా సంగతి కనుక సరే అన్నాను.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో మనుమరాలి వంతు వచ్చింది. పెదవి ఇంకా వాచే ఉంది. "యేసయ్యా, సైకిలు అన్నయ్య చెయ్యి నొప్పి లేకుండా చెయ్యి, వాళ్ల సైకిలు కూడా బాగుచెయ్యి, ఆమెన్" అన్నది. కారు సంగతి ప్రభువుకు చెప్పలేదు. ప్రక్క గదిలో బల్ల మీద ఫారము ఉంది. అందులో నేను సగం పూర్తి చేసిన గడిలో తాటిమొద్దు ఉంది.

ఆ ఫారము చించివేశాను. అయితే నేను చేసింది గొప్ప త్యాగమని మీరు అనుకోకూడదు కాబట్టి లెక్క కూడా చెబుతాను. ఆ లెక్క మరునాడు పొద్దున వేసుకున్నాను. ముందే వేసుకుని ఉంటే శోధన అంత బలంగా ఉండేది కాదేమో!

మెకానిక్ షెడ్డులో అంచనా 14,600 రూపాయలు. బంపరు 5,200, హెడ్‌లైటు 3,400, సొట్ట తీసి రంగు వేయడానికి 6,000. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు సగమే ఇస్తారు. కనుక బంపరుకు, లైటుకు కలిపి 4,300. రంగు సరుకులో కూడా సగం తగ్గిస్తారు. అది పోను ఆ పనికి 5,500 అనుకుందాం. మొత్తం 9,800. చిన్న కారుకు ప్రతి క్లెయిములోనూ మొదటి వెయ్యి రూపాయలు మనమే భరించాలి. చేతికి వచ్చేది 8,800. బంపర్ టు బంపర్ అని పిలిచే ఎక్కువ ప్రీమియం పాలసీ ఉంటే ఈ కోతలు చాలా వరకు ఉండవు. నాది అది కాదు.

ఇక పోయేది చూడండి. క్లెయిము లేకుండా ఒక ఏడు గడిస్తే మన బండి నష్టానికి కట్టే ప్రీమియములో 20 శాతం తగ్గిస్తారు. రెండో ఏడు 25, తరువాత 35, 45, చివరకు 50. దీన్నే నో క్లెయిమ్ బోనస్ అంటారు. ఒక్క క్లెయిము చేస్తే మళ్లీ మొదటికి వస్తుంది. నాకు మూడేండ్లు క్లెయిము లేదు. ఆ భాగపు ప్రీమియం ఏటా 9,000 అనుకుంటే (నిజానికి బండి పాతబడేకొద్దీ తగ్గుతుంది, లెక్క సులువు కోసం అట్లా అనుకుంటున్నాను) క్లెయిము చేస్తే వచ్చే ఏడు 4,050, మరు ఏడు 2,700, ఆ పై ఏడు 2,250 అదనంగా కట్టాలి. కలిపితే 9,000. అంటే 8,800 కోసం 9,000 పోగొట్టుకునేవాణ్ణి. తాటిమొద్దు ఖరీదు నాకు రెండు వందల రూపాయల నష్టం! కాబట్టి చిన్న సొట్టలకు ఫారము నింపే ముందు ఈ లెక్క వేసుకోండి. నష్టము పెద్దదైతే తప్పక క్లెయిము చేయండి, అందుకే ప్రీమియం కడుతున్నాము. అప్పుడు బండి విప్పకముందే ఫోటోలు తీసి, కంపెనీకి ఫోను చేసి, సర్వేయరు చూసేవరకు షెడ్డువాణ్ణి బోల్టు ముట్టుకోనివ్వకండి. తొందరపడి విప్పించి, ఆ తరువాత పాత ముక్కలు చూపించలేక సొమ్ము పోగొట్టుకున్నవారున్నారు.

కారు బాగుకు నేను క్లెయిము చేయలేదు. కాని కంపెనీకి మాత్రం ఉత్తరము వ్రాశాను. బండి బాగుకు సొమ్ము అడగడం ఒక సంగతి, ప్రమాదము జరిగిందని తెలియజేయడం మరొక సంగతి. మన పాలసీలో రెండు అరలున్నాయి. ఒకటి మన బండి కోసం. రెండవది థర్డ్ పార్టీ, అంటే మన బండి వలన దెబ్బతిన్న మనుష్యుల కోసం. 146వ సెక్షను ప్రకారం ప్రతి బండికీ తప్పనిసరి అయినది ఈ రెండవదే. మనుష్యుల గాయాలకు, మరణానికి అందులో ఇంతే అనే హద్దు లేదు, ట్రిబ్యునల్ ఎంత అంటే అంత. మనమేమో మొదటి అర తలుపే తట్టి, రెండవ అర ఉన్న సంగతి ఆ పేద కుటుంబానికి తెలియకుండా చూస్తాము. తాటిమొద్దు అని వ్రాసి ఉంటే నేను చేసేది సరిగ్గా అదే. నా కాగితంలో పిల్లవాడు లేడు కనుక, రేపు వాడి చెయ్యి సరిగా అతకకపోయినా కంపెనీ దృష్టిలో వాడు లేనట్టే. కంపెనీ సొమ్ము ఎనిమిది వేలు అక్రమముగా తీసుకోవడం ఎట్లాగూ పాపమే. దానికంటె పిల్లవాణ్ణి మొద్దుగా మార్చడం నాకు ఎక్కువ భయం కలిగించింది.

లూకా 10వ అధ్యాయములోని సమరయుడు పూటకూళ్లవానికి రెండు దేనారములు ఇవ్వడం మనమందరం చెప్పుకుంటాము. అంతకంటె ఎక్కువ ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు తీరుస్తానని అతడన్న సంగతి మీద ప్రసంగాలు తక్కువ విన్నాను. ఆ గాయము ఎన్నాళ్లకు మానుతుందో అతనికి తెలియదు. ఐదు వేలు చేతిలో పెట్టి తెల్ల కాగితం మీద సంతకం చేయించుకుని వెళ్లలేదు.

ఆ ఐదు వేల మాట మీద ఇంకొంచెము చెప్పాలి. 2013లో సుప్రీంకోర్టు ప్రమాదములో గాయపడిన ఒక బాలుని కేసులో, పిల్లలకు పరిహారము ఎట్లా లెక్కించాలో చెబుతూ, శాశ్వత వైకల్యము పది శాతములోపు ఉన్నా లక్ష రూపాయలు, పది నుండి ముప్పై శాతము వరకు మూడు లక్షలు ఇవ్వడం తగినదన్నది. వైద్య ఖర్చులు వేరు. గట్టు మీద నిలబడి ఐదు వేలతో ముగిద్దామనే పెద్దమనుషులకు ఈ సంగతి తెలియదు. తెలిసినా కొందరు చెప్పరు. పిల్లవాని చెయ్యి కూలిపని చేసుకుని బ్రతకవలసిన చెయ్యి. మైనరు తరఫున కోర్టులో రాజీ పడాలన్నా న్యాయమూర్తి అనుమతి కావాలి. రోడ్డు మీద రాయించుకున్న కాగితానికి ఆ బలం ఎక్కడిది?

ఇక్కడ బండి యజమానులకు ఒక జాగ్రత్త. పాలసీ వెనుక సన్న అక్షరాలలో ఒక షరతు ఉంటుంది. కంపెనీ వ్రాతపూర్వక అనుమతి లేకుండా బాధ్యత ఒప్పుకుంటూ గాని, ఇంత ఇస్తానని గాని మాట ఇవ్వకూడదు. కనుక ఆసుపత్రికి తీసుకువెళ్లండి, మందులు కొనండి, సైకిలు బాగుచేయించండి, జరిగింది జరిగినట్టు చెప్పండి. పరిహారము ఇంత అని కాగితం మాత్రం వ్రాయకండి.

పిల్లవాని తండ్రికి ట్రిబ్యునల్ అంటే ఏమిటో తెలియదు. కృష్ణా జిల్లా కోర్టు మచిలీపట్నములో ఉంది, మోటారు ప్రమాద పరిహారపు దరఖాస్తులు అక్కడ వినబడతాయి. కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 1987 చట్టము ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలవారికి ఆదాయముతో నిమిత్తం లేకుండా ఉచితముగా వకీలును ఏర్పాటు చేస్తారు. నేను ఆ చిరునామా చెప్పాను. "మీ మీదనే కేసు వెయ్యమంటున్నారా అయ్యా?" అని అతను నా ముఖం చూశాడు. "నా మీద కాదయ్యా, నేను ఏటా ప్రీమియం కట్టింది దీనికే" అని నచ్చజెప్పడానికి రెండు గంటలు పట్టింది. చివరకు అతని బావమరిది తోడు వెళ్లాడు. మా కమిటీలో ఒక సహోదరుడు మాత్రం ఇది తెలివితక్కువ పని అని ఇప్పటికీ అంటున్నారు. "సొంత ఇంటిమీద రాయి వేసుకున్నట్టు" అన్నారు. ఏజెంటు కొన్నాళ్లు ఫోను ఎత్తలేదు. ఆ తరువాత ఎత్తాడు.

నా మీద కట్టిన కేసు లోక్ అదాలత్‌లో, కోర్టువారి అనుమతితో, తల్లిదండ్రుల సమ్మతితో ముగిసింది. పరిహారపు దరఖాస్తు ఇంకా నడుస్తోంది. పిల్లవాడు చూడకుండా రోడ్డెక్కాడు కదా అని కంపెనీ వకీలు అంటాడు, అనడం అతని పని. పదేండ్ల పిల్లవానినుండి పెద్దవాని జాగ్రత్త ఆశించకూడదన్నది న్యాయస్థానాలు తరచుగా చెప్పే మాట. నన్ను అడిగితే నేను తల త్రిప్పానని చెబుతాను. స్టేషనులో కూడా అదే చెప్పాను.

ఒకటి రెండు ఇంటి సంగతులు కూడా వ్రాసి ముగిస్తాను. మన కుటుంబాలలో కార్లకంటె మోటారు సైకిళ్లు ఎక్కువ. 2018 సెప్టెంబరు ఒకటి తరువాత కొన్న క్రొత్త మోటారు సైకిలుకు ఐదేండ్ల థర్డ్ పార్టీ, క్రొత్త కారుకు మూడేండ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటున్నారు. దానివల్ల చాలామంది అన్నిటికీ ఐదేండ్ల ఇన్సూరెన్సు ఉందనుకుంటున్నారు. మన బండి నష్టపు భాగము చాలా పాలసీలలో ఒక్క ఏడాదికే ఉంటుంది. ఐదేండ్లు గడిచాక రెండవ అర కూడా ఖాళీయే. ఈ ఆదివారం ఆరాధన నుండి వచ్చాక ఆ కాగితం తీసి తేదీలు చూడండి. ఇన్సూరెన్సు లేకుండా పట్టుబడితే మొదటిసారి రెండు వేలు, మళ్లీ పట్టుబడితే నాలుగు వేలు జరిమానా అన్నది చిన్న మాట. పిల్లవానికి తగిలితే ఆ పరిహారము మన పొలం మీద, ఇంటి మీద పడుతుంది.

లైసెన్సు లేని కుమారునికి తాళం ఇచ్చే తండ్రులకు నిర్గమకాండము 21వ అధ్యాయములోని పొడిచే ఎద్దు సంగతి చాలును. ఎద్దు పొడుస్తుందని తెలిసీ కట్టివేయని యజమాని దోషి. మన చట్టము కూడా 2019 సవరణ తరువాత మైనరు బండి నడిపి నేరము చేస్తే తల్లిదండ్రులకు లేక బండి యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేండ్ల వరకు జైలు అంటోంది. అట్లాంటి ఇండ్లలో ప్రమాదము జరిగితే తాటిమొద్దుకు బదులు "నాన్నే నడిపాడు" అని వ్రాస్తారు. అబద్ధమైతే అదీ ఒకటే.

కంపెనీవారు నిజమైన క్లెయిమును ఊరికే త్రిప్పుతుంటే నోరు మూసుకుని ఊరుకోనక్కరలేదు. ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి వ్రాయండి. తరువాత ఇన్సూరెన్సు నియంత్రణ సంస్థవారి 155255 నంబరుకు ఫోను చేయవచ్చు. దానికీ తేలకపోతే హైదరాబాదులో ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్ ఉన్నారు, రుసుము లేదు, వకీలు అవసరం లేదు.

ఇప్పుడు మా మనుమరాలు వెనుక సీటులో బెల్టు పెట్టుకుని కూర్చుంటుంది. పధ్నాలుగేండ్లలోపు పిల్లలకు బెల్టు గాని పిల్లల సీటు గాని లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అన్న సంగతి ఆమెకు తెలియదు. పెదవి మీద చిన్న మచ్చ మాత్రం ఉంది. క్రిస్మస్‌కు ముందు మేము ఆ దారిన వెళ్లినప్పుడు పిల్లవాని ఇంటి దగ్గర ఆగాము. కట్టు విప్పారు. మణికట్టు పూర్తిగా వంగడం లేదు, డాక్టరు ఇంకో మూడు నెలలు చూడాలన్నారట. సైకిలుకు క్రొత్త చక్రం వేయించాము. వాడు దాన్ని ఒంటిచేత్తో నడుపుతూ గట్టు మీద మాకు ఎదురు వచ్చాడు. హారన్ కొట్టి, ఆపి, వాడు ప్రక్కకు వెళ్లేవరకు ఆగాను. వెనుకనుంచి బస్సువాడు తిట్టాడు.